నేల వాలు చెప్పెడి మాట

వాన వెలిసిన పిదప సిద్దిపేట ప్రాంతమున ఏదైన చెల్క గట్టుపై నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలియును. అంతవరకు బల్లపరుపుగా తోచిన నేల నిజమునకు బల్లపరుపు కాదు. ఎర్రని నీరు ఒక మడి నుండి మరియొక మడికి, మడి నుండి కాలువకు, కాలువ నుండి వాగునకు తడబాటు లేక తోవ చేసికొని పోవుచుండును. కూడవెల్లి వంటి వాగులు ఆ నీటిని ఉత్తరముగా కొనిపోయి మానేరున కలుపును. మానేరు గోదావరిని చేరును. మనుష్యుని కంటికి అందని వాలు నీటికి అందినది. నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అని పెద్దలు ఊరక అనలేదు.

ఈ వాలును తొలుత చదివినవారు చెరువులు కట్టినవారు. కాకతీయుల కాలము నుండి తెలంగాణమున వెలసిన గొలుసుకట్టు చెరువులను చూచినచో ఈ మాట బోధపడును. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువునకు అందవలెను. కట్ట పొట్టిగా ఉండవలెను. దాని వెనుక నిలుచు నీరు మెండుగా ఉండవలెను. నేల వాలు తెలియనిదే ఇది సాధ్యము కాదు. నేటి పటముల వంటివి ఆనాటివారికి లేవు. వాననీటి నడకయే వారికి పటము.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఆ వాలునే వేరొక ప్రశ్న అడుగుచున్నారు. భూమి కంపించిన నాడు ఏ ఊరు అధికముగా ఊగును? వాన విడువక కురిసిన నాడు ఏ కొండ జారును? ఈ రెండు ప్రశ్నలకును నేల వాలు కొంతవరకు జవాబు చెప్పగలదు. చిత్రమేమనగా, ఆ రెండు జవాబులును ఒకదానికొకటి ఎదురు. నిటారు నేల ఒక ముప్పును చూపును. చదును నేల మరియొక ముప్పును చూపును. రెంటిని కలిపి చదువుట నేర్చినవారికే వాలు పటము ఉపయోగపడును.

రేఖల నడుమ లెక్క

వాలు అనగా ఒక నిష్పత్తి. అడ్డముగా నూరు మీటర్ల దూరమునకు నిలువుగా ఐదు మీటర్ల ఎత్తు పెరిగినచో ఆ వాలు నూటికి 5. ఈ లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థి ఎవరైనను చేయగలడు. సర్వే ఆఫ్ ఇండియా వారు ప్రకటించిన 1:50,000 కొలత గల పటమున ఒక సెంటీమీటరు నేలపై 500 మీటర్లకు సమానము. అందు గోధుమ రంగున వంకరటింకరగా సాగు గీతలే సమోన్నత రేఖలు. ఒక రేఖ పొడవునను నేల ఎత్తు ఒక్కటే. ఒక రేఖ నుండి తరువాతి రేఖకు సాధారణముగా 20 మీటర్ల ఎత్తు భేదము ఉండును.

ఆ రెండు రేఖల నడుమ ఎడము ఒక సెంటీమీటరు అనుకొనుడు. 500 మీటర్లకు 20 మీటర్ల ఎత్తు. అనగా నూటికి 4. కోణముగా చెప్పినచో రెండు డిగ్రీలకు కొంచెము ఎక్కువ. ఎడ్లబండి శ్రమ లేక ఎక్కగలదు. అదే ఎడము ఒక మిల్లీమీటరునకు తగ్గినచో 50 మీటర్లకు 20 మీటర్లు, నూటికి 40, కోణము సుమారు 22 డిగ్రీలు. అది గుట్ట. రేఖలు దూరముగా ఉన్నచోట నేల చదును, ఒత్తుగా ఉన్నచోట నిటారు. ఇంతకంటె పెద్ద రహస్యము పటమున లేదు.

ఈ గీతల వెనుక తరముల శ్రమ కలదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసున ఆరంభించిన త్రిభుజముల సర్వే 78వ రేఖాంశమును ఇంచుమించుగా అనుసరించి ఉత్తరముగా సాగెను. సిద్దిపేట ఆ రేఖాంశమునకు తూర్పున ఒక డిగ్రీ లోపలనే ఉన్నది. బరువైన కోణమాపక యంత్రములను గుట్టల శిఖరములకును గోపురములకును ఎక్కించి, జ్వరములకు ఓర్చి, ఒక తరమువారు మొదలిడిన పనిని వేరొక తరమువారు ముగించిరి.

నేడు ఆ పనిలో పెద్ద భాగము ఆకాశము నుండి జరుగుచున్నది. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అను అంతరిక్ష నౌక 11 దినములు భూమి చుట్టును తిరిగి, రాడారు తరంగములతో భూభాగమున నూటికి 80 వంతుల నేల ఎత్తులను కొలిచెను. 2005 మే 5న శ్రీహరికోట నుండి ఎగసిన కార్టోశాట్-1 ఉపగ్రహమునకు రెండు కెమేరాలు ఉండెను. ఒకటి ముందునకును, మరియొకటి కొంచెము వెనుకకును చూచును. రెండు కన్నులతో చూచు మనుష్యునకు లోతు తెలిసినట్లు, ఒకే చోటును రెండు కోణములనుండి చూచిన ఆ చిత్రములవలన నేల ఎత్తు తెలియును. హైదరాబాదులోని జాతీయ దూరగ్రహణ కేంద్రము ఆ చిత్రములనుండి దేశమునకు ఎత్తుల పటమును సిద్ధము చేసి, 'భువన్' అను పేర అందరికిని అందుబాటులో ఉంచినది.

ఆ పటమున గీతలకు బదులు గళ్ళు ఉండును. ప్రతి గడికి ఒక ఎత్తు. ఒక గడి వాలు తెలియుటకు దాని చుట్టును ఉన్న ఎనిమిది గళ్ళ ఎత్తులను చూతురు. గడి పొడవు 30 మీటర్లు అనుకొన్నచో, పడమటి గడి నడిమి నుండి తూర్పు గడి నడిమికి దూరము 60 మీటర్లు. ఆ దూరమున నేల 1.8 మీటర్లు లేచినచో తూర్పు పడమరల వాలు నూటికి 3. ఉత్తర దక్షిణములుగా అదే దూరమున 2.4 మీటర్లు లేచినచో నూటికి 4. ఈ రెంటిని పైథాగొరస్ సూత్రమున కలిపినచో అసలు వాలు నూటికి 5. లంబకోణ త్రిభుజము ఎందుకు పనికివచ్చునని అడుగు విద్యార్థికి ఇంతకంటె మంచి జవాబు దొరకదు.

నిటారు నేల

పొడి ఇసుకను గుప్పిటితో మెల్లగా ఒకేచోట పోసినచో కుప్ప లేచును. కొంత ఎత్తు పెరిగిన పిదప ఎంత ఇసుక పోసినను కుప్ప నిటారు కాదు, ప్రక్కలకు జారును. ఆ ప్రక్కల కోణము సుమారు 30 నుండి 35 డిగ్రీలు. రేణువునకు రేణువునకు నడుమ గల ఒరపిడి అంతకు మించిన వాలును నిలుపలేదు. కొండపై గల మట్టికిని ఇదియే న్యాయము. మట్టిలోని బంకతనము, చెట్ల వేళ్ళు, క్రింది రాతి పట్టు దానిని మరికొంత నిలుపును. విడువని వాన ఈ పట్టులను సడలించును. మట్టి సందులలో చేరిన నీరు రేణువులను ఒకదానినుండి ఒకటి ఎడము చేయును. మట్టి బరువు పెరుగును, ఒరపిడి తగ్గును. అట్టి సమయమున భూమి కంపించినచో చెప్పనక్కరలేదు. 2015 ఏప్రిల్ 25న నేపాళమున సంభవించిన భూకంపమున లాంగ్టాంగ్ అను గ్రామముపై కొండ నుండి మంచును రాళ్ళును విరుచుకుపడి, గ్రామమును దాదాపు పూర్తిగా కప్పివేసెను.

దక్కను కూడ ఇట్టి ఆపదను ఎరుగును. 2014 జులై 30న పుణె జిల్లాలోని మాలిన్ గ్రామముపై కొండచరియ జారిపడి 150 మందికి పైగా మరణించిరి. సరిగా పది సంవత్సరములకు, 2024 జులై 30న, కేరళలోని వయనాడు కొండలు విరిగి వందల ప్రాణములు పోయెను. హైదరాబాదు కేంద్రమువారు ఉపగ్రహ చిత్రములను పరిశీలించి చెప్పిన సంగతి గమనింపదగినది. అచ్చట కొండ విరిగిన చోటు సముద్రమట్టమునకు 1,550 మీటర్ల ఎత్తున ఉండగా, బురదయు బండలును ఏటి వెంట సుమారు 8 కిలోమీటర్లు పరుగెత్తెను. మరణించినవారిలో పలువురి ఇండ్లు నిటారు కొండపై లేవు. ఏటి ఒడ్డున ఉండెను. కావున వాలు పటమున ఎర్రరంగు పూసిన చోటును మాత్రమే చూచుట చాలదు. ఆ ఎర్రరంగు క్రింద ఏమున్నదో, అచ్చట నుండి నీరు పోవు దారి ఏదో చూడవలెను.

తెలుగునేలపైనను సాక్ష్యములు కలవు. 2021 డిసెంబరు 1న తిరుమల రెండవ కనుమదారిపై బండలు పడి రాకపోకలు నిలిచెను. 2024 ఆగస్టు 31న భారీ వర్షములకు విజయవాడ మొగల్రాజపురమున కొండరాళ్ళు ఇండ్లపై పడి పలువురు మరణించిరి. ఈ రెండు చోటులను సర్వసామాన్యమైన పటములు మైదానమునకు చేరువ ప్రాంతములుగా చూపును. కాని కొండ చిన్నదైనను, దానిని తొలిచి ఇల్లు కట్టినను, దారి వేసినను, వాలు హఠాత్తుగా పెరుగును.

జాతీయ దూరగ్రహణ కేంద్రము 2023లో ప్రకటించిన కొండచరియల పటసంపుటి 1998 నుండి 2022 వరకు దేశమున సంభవించిన సుమారు 80,000 ఘటనలను గుర్తించి, 147 జిల్లాలకు ముప్పు వరుస కట్టినది. అందు మొదటి స్థానము ఉత్తరాఖండములోని రుద్రప్రయాగ జిల్లాది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు ఇట్టి పటములు గీయునపుడు వాలుతో పాటు రాతి జాతిని, మట్టి మందమును, అడవిని, నీటిపారుదలను కూడ లెక్కలోనికి తీసికొందురు. కాని ఆ లెక్కలో వాలుది పెద్దపీట.

చదును నేల

ఇంతవరకు చదివినవారు చదును నేలపై ఉన్నవారికి చింత లేదనుకొనవచ్చును. భూకంపము ఈ ఊహను తలక్రిందులు చేయును.

1985 సెప్టెంబరు 19న మెక్సికో దేశపు పసిఫిక్ తీరమున భూమి కంపించెను. తీరమునకు చేరువనున్న ఊళ్ళకంటె, సుమారు 350 కిలోమీటర్ల దూరమునున్న రాజధాని నగరమున అధిక వినాశము జరిగెను. కారణము ఆ నగరము పూర్వము ఒక సరస్సు ఉన్న చోట, మెత్తని బురదపై, చదునుగా పరుచుకొని యుండుట. 2001 జనవరి 26న కచ్ఛమున సంభవించిన భూకంపమునకు 200 కిలోమీటర్లకు పైగా దూరముననున్న అహమదాబాదులో బహుళ అంతస్తుల భవనములు కూలి వందల మంది మరణించిరి. ఆ నగరము సబర్మతి తెచ్చిపోసిన ఒండ్రుపై నిలిచియున్నది. అచ్చట కట్టడపు లోపములకు నేల మెత్తదనము తోడైనది.

భూకంప తరంగము గట్టి రాతిలో వేగముగా పోవును. మెత్తని మట్టిలో నెమ్మదించును. వేగము తగ్గిన తరంగము ఎత్తు పెరుగును. నడిసముద్రమున కనబడని అల ఒడ్డుకు వచ్చి లేచినట్లే ఇదియును. కావున ఊరి క్రింద మొదటి 30 మీటర్ల లోతున తరంగ వేగము ఎంతయో తెలియుట ముఖ్యము. సెకనుకు 760 మీటర్లకు పైబడినచో అది రాయి. 180 మీటర్లకు తగ్గినచో అది మెత్తని ఒండ్రు. కాని ప్రతి ఊరిలోను నేలను తొలిచి ఈ వేగమును కొలుచుట ఎవరి తరము?

2007లో అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన డేవిడ్ వాల్డ్, ట్రెవర్ ఆలెన్ అను శాస్త్రజ్ఞులు దీనికొక సులభోపాయము సూచించిరి. నిటారు వాలుపై మెత్తని మట్టి నిలువదు, వాన దానిని కడిగివేయును, రాయి మిగులును. కడిగిపోయిన ఆ మట్టి పల్లమునకు చేరి, యుగముల తరబడి పేరుకొని చదునగును. కావున వాలును చూచియే క్రింద రాయి కలదో మెత్తని మట్టి కలదో ఉజ్జాయింపుగా చెప్పవచ్చును. ఎత్తుల పటము లోకమంతటికిని సిద్ధముగా ఉన్నది గనుక, ముందుగా ఎవరును కొలువని దేశములకు సయితము కంపము పెరుగు చోటుల పటము గీయుటకు వీలు కలిగెను. భూకంపము వచ్చిన కొలది నిమిషములలో ఏ ఊరికి సహాయము ముందుగా పంపవలెనో ఊహించుటకు ఈ పద్ధతి అక్కరకు వచ్చును.

దక్కనులో చదును నేల

ఐనను ఈ సూత్రమును సిద్దిపేటకు తెచ్చి అట్లే అతికించినచో పొరపాటు జరుగును. ఇచ్చటి చదును ఒండ్రు పేరుకొని ఏర్పడినది కాదు. 250 కోట్ల సంవత్సరములకు పైబడిన గట్టి రాయి వానకు గాలికి అరిగి అరిగి చదునైనది. పైన ఎర్రమట్టి, దాని క్రింద మొరము, దాని క్రింద బండ. పల్లములయందు రేగడి కొంత లోతుగా ఉండును. వాల్డ్, ఆలెన్‌లు ఈ భేదమును కొంత గుర్తించి, స్థిరమైన పురాతన ఖండములకు వేరు లెక్క కట్టిరి. కొత్త పర్వతములు లేచుచున్న ప్రాంతములయందు నూటికి సుమారు 14 వాలు ఉన్నగాని రాయి అని నమ్మరు. స్థిర ఖండములయందు నూటికి రెండున్నర వాలు ఉన్నను రాయి అని అంగీకరింతురు. అయినను గుట్టకు గుట్టకు నడుమ గల నిజమైన చదునును ఈ లెక్క మెత్తని మట్టి అని భ్రమపడును.

ఆ భ్రమను తీర్చగలవాడు ఊరిలోనే ఉన్నాడు. బావి త్రవ్వినవానికి ఎన్ని గజముల లోతున మొరము వచ్చెనో, ఎచ్చట బండ తగిలెనో తెలియును. బోరుబావి వేసినవాడును ఈ సంగతి చెప్పగలడు. ఉపగ్రహము పైనుండి వాలును చెప్పును. బావి లోపలినుండి రాతిని చెప్పును. ఈ రెండు సాక్ష్యములును కలిసినపుడే పటము నమ్మదగినది అగును.

క్షేమమను మాట

సిద్దిపేటకు భూకంపభయమేమని ఎవరైన అడుగవచ్చును. 2002 నాటి భారత ప్రమాణమున ఈ ప్రాంతము అన్నిటికంటె తక్కువ ముప్పు గల రెండవ మండలమున చేరినది. అది నిజమే. కాని ఆ మండలమునకు ముందు ఒకటవ మండలమను మరియొక మెట్టు ఉండెడిది. అది ఏల పోయెనో తెలిసికొనుట మంచిది.

సిద్దిపేట ఇంచుమించు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. అదే అక్షాంశమును పట్టుకొని పడమరగా సుమారు 240 కిలోమీటర్లు పోయినచో మహారాష్ట్రలోని కిల్లారి వచ్చును. 1993 సెప్టెంబరు 30న, గణేశ నిమజ్జనము ముగించుకొని జనులు నిద్రించుచుండగా, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషములకు అచ్చట భూమి కంపించెను. భూకంప పరిమాణము 6.2. మట్టితో పేర్చిన రాతిగోడలును, బరువైన మట్టి మిద్దెలును కూలి సుమారు పదివేల మంది మరణించిరి. ఆనాటి ప్రమాణము ఆ ప్రాంతమును దేశమున అతి తక్కువ ముప్పు గల ఒకటవ మండలమున ఉంచెను. 2002లో ప్రమాణమును సవరించినపుడు ఒకటవ మండలమును తొలగించిరి. దేశమున బొత్తిగా ముప్పు లేని నేల కలదని చెప్పుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు.

తూర్పున గోదావరి లోయ ఒక పురాతనమైన చీలిక. 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతమున 5.7 పరిమాణము గల భూకంపము వచ్చెను. 2024 డిసెంబరు 4న ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో 5.3 పరిమాణము గల భూకంపము వచ్చి, హైదరాబాదు వరకును తెలిసెను. ఆ చోటు సిద్దిపేటకు సుమారు 150 కిలోమీటర్ల దూరము. ఇవి భయపెట్టుటకు చెప్పెడి మాటలు కావు. తక్కువ ముప్పు అనగా అరుదైన ముప్పు అని మాత్రమే అర్థము.

మనుష్యుడు కట్టిన వాలు

సిద్దిపేట జిల్లాలో నిటారు వాలు ఎచ్చట కలదని పటమును అడిగినచో అది కొమురవెల్లి వంటి గుట్టలను చూపును. బండపై బండ నిలిచిన ఆ గుట్టల పాదమున ఇల్లు కట్టుకొనునపుడు పైకి చూచుట మంచిది. కాని ఈ జిల్లాలో మైళ్ళ పొడవున సాగు నిటారు వాలు ప్రకృతి చేసినది కాదు, మనుష్యుడు కట్టినది.

గోదావరి నీటిని మెట్టుమెట్టుగా పైకెత్తి నిలుపుటకు 2020లో రంగనాయకసాగరు, కొండపోచమ్మసాగరు, 2022లో మల్లన్నసాగరు ప్రారంభమైనవి. మూడవది అన్నిటికంటె పెద్దది. దాని సామర్థ్యము 50 టి.ఎం.సి. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ మొదలైన ఊళ్ళు దాని కొరకు నేలను ఇచ్చి తరలిపోయెను. లోయలో కట్టిన ఆనకట్ట వలె గాక, ఇది దాదాపు చదునైన నేల చుట్టును మట్టికట్ట పోసి నిలిపిన నీరు. మట్టికట్టలకు సాధారణముగా రెండు మూడు మీటర్ల అడ్డమునకు ఒక మీటరు నిలువు చొప్పున వాలు ఇత్తురు. నూటికి రెండు మూడు వాలు గల చెల్కల నడుమ నూటికి 30, 40 వాలు గల గోడ లేచినదన్నమాట. 2000 నాటి అంతరిక్ష నౌక గీచిన పటమున ఈ కట్ట లేదు; వేములఘాట్ నిలిచిన నేల మాత్రము కలదు. పటము పాతబడుట అనగా ఇదియే.

మట్టికట్టయు ఒక కొండవాలే. దానికిని ఒరపిడియే బలము. దానికిని లోన చేరు నీరే శత్రువు. 2001లో కచ్ఛమున చాంగ్ మొదలైన పెక్కు మట్టికట్టలు కంపమునకు పగిలి కృంగెను. పునాదియందలి తడి ఇసుక ద్రవము వలె మారుట అందుకు ఒక కారణము. అంతకు ముందు వానలు లేనందున ఆ జలాశయములలో నీరు అడుగంటియుండెను. అందువలన దిగువ ఊళ్ళు బ్రతికిపోయెను. నిండుకుండ వలె ఉన్నచో ఏమై యుండెడిదో ఊహింపవచ్చును.

పెద్ద జలాశయము తానే భూకంపమును ప్రేరేపించుట కూడ కలదు. మహారాష్ట్రలోని కొయినా వద్ద 1960వ దశాబ్దపు తొలినాళ్ళలో నీరు నింపిన పిదప కంపములు మొదలై, 1967 డిసెంబరు 11న 6.3 పరిమాణము గల భూకంపము వచ్చి సుమారు 200 మంది మరణించిరి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఆ ప్రాంతమును దశాబ్దములుగా పరిశీలించుచున్నారు. అన్ని జలాశయములును కొయినాలు కావు. అధిక భాగము ఎట్టి కదలికయు లేక నిలిచియున్నవి. భూమి లోతున పూర్వమే పగులు ఉన్నచోట మాత్రమే నీటి ఒత్తిడికి ఇట్టి శక్తి కలుగును.

అందువలననే 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ముందుంచబడిన కంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలు నివేదిక గమనింపదగినది. మల్లన్నసాగరు నిర్మాణమునకు ముందు భూకంప సంబంధమైన అధ్యయనములు తగినట్లు జరుగలేదని ఆ నివేదిక ఆక్షేపించినది. ఆ ప్రాంతమున భూమిలో లోతైన చీలికరేఖ కలదని పైన చెప్పిన పరిశోధన సంస్థ తన ప్రాథమిక నివేదికలో సూచించిన సంగతిని కూడ అది ఎత్తిచూపినది. కట్ట కూలునని ఈ మాటలకు అర్థము కాదు. కట్టుటకు ముందు అడుగవలసిన ప్రశ్నను కట్టిన పిదప అడుగవలసి వచ్చినదని మాత్రమే అర్థము. ఆలస్యమైనను ఆ ప్రశ్నకు జవాబు వెదకుట మేలు. కట్ట కదలికను కొలుచుట, లోపలి నీటి ఒత్తిడిని కనిపెట్టుచుండుట, చుట్టుప్రక్కల భూకంపమాపకములను నిలుపుట, కట్ట తెగినచో నీరు ఏ వాలున ఏ ఊరికి ఎన్ని గంటలకు చేరునో ముందుగా పటము గీచి ఆ ఊరివారికి చూపుట: ఇవి చేయదగిన పనులు. చివరి పనికి కావలసినది మరల నేల వాలే.

బడిలో చేయదగిన పని

ఇట్టి పటము గీయుటకు పెద్ద పరిశోధనాలయము అక్కరలేదు. భూగోళము బోధించు ఉపాధ్యాయుడు తన ఊరి సమోన్నత రేఖల పటమును తెప్పించి తరగతి ముందు ఉంచవచ్చును. విద్యార్థులు రేఖల నడుమ ఎడమును కొలిచి, నూటికి 2 లోపు వాలు గల చోటికి పచ్చ, 2 నుండి 15 వరకు పసుపు, అంతకు మించిన చోటికి ఎరుపు పూయవచ్చును. ఎరుపు క్రింద ఎవరి ఇల్లు కలదో, బడి కలదో గుర్తింపవచ్చును. పచ్చరంగు గల చోట బావులను చూచి, ఎంత లోతున బండ తగిలెనో పెద్దలను అడిగి, ఆ అంకెను పటమున వ్రాయవచ్చును. పటమున లేని క్వారీలను, తొలిచిన దారులను, కొత్త కట్టలను స్వయముగా పోయి చూచి చేర్పవచ్చును. ముప్పై మీటర్ల గడి వీనిని చూడలేదు. పన్నెండేండ్ల బాలుడు చూడగలడు.

పని ముగిసిన పిదప ఒక పరీక్ష మిగులును. మొదటి పెద్ద వాన వెలిసిన నాడు ఆ పటమును చేత బట్టుకొని పిల్లలు పొలము గట్టుకు పోవలెను. తాము గీచిన వాలు వెంటనే నీరు నడచుచున్నదో లేదో చూడవలెను. పటము తప్పైన చోట నీరు వేరు దారి పట్టును. అచ్చట నిలిచి, గీతను చెరిపి, మరల గీయవలెను.